పెట్టె మీద 5జీ.. చేతిలో 4జీ!
పదివేల లోపు రెండు ఫోన్లు: కొనే ముందు చూడవలసింది కెమెరా కాదు, జేబులోని సిమ్

ప్రొద్దుటూరు: బంగారం కొనే విషయంలో ప్రొద్దుటూరు వాసులకు ఒకరు పాఠం చెప్పనవసరం లేదు. హాల్‌మార్కు చూసి, తరుగు ఎంత వేశారో అడిగి, మజూరీ దగ్గర బేరమాడి గాని డబ్బు బయటకు తీయరు. అదే మనిషి సెల్‌ఫోన్ దుకాణంలోకి అడుగుపెట్టగానే ఆ జాగ్రత్తంతా గుమ్మం బయటే వదిలేస్తున్నాడు. కెమెరా ఎంత, రంగు ఏది, వాయిదా ఎంత... ఈ మూడు ప్రశ్నలతో బేరం ముగుస్తోంది. అడగవలసిన నాలుగో ప్రశ్న ఒకటుంది. అది అడగనందువల్ల పెట్టె మీద 5జీ అని చూసి కొన్న ఫోను ఇంటికి వెళ్లాక 4జీకే పరిమితం కావచ్చు. పైగా అందులో ఫోను చెడిపోయింది ఏమీ ఉండదు కనుక కంపెనీ సేవా కేంద్రానికి తీసుకెళ్లినా ఫలితం ఉండదు.

ఇందుకు ఉదాహరణగా రెండు ఫోన్లను తీసుకుందాం. మొదటిది 2024 నవంబరులో విడుదలైన రెడ్‌మీ ఏ4 5జీ. రెండోది 2025 ఫిబ్రవరిలో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎఫ్06 5జీ. రెండూ పదివేల లోపు 5జీ కావాలనుకునే వారి కోసం పోటీపడి వచ్చినవే. రెడ్‌మీ ప్రారంభ ధర రూ.8,499. శామ్‌సంగ్ ధర బ్యాంకు రాయితీ కలుపుకొని రూ.9,499. ఇవి విడుదలనాటి ధరలు. వీటి తర్వాత కొత్త నమూనాలు ఎన్నో వచ్చాయి, ధరలూ మారాయి. కానీ ఈ జంటలో బయటపడిన తేడా కొత్తవాటిని ఎంచుకునేటప్పుడూ పనికివస్తుంది. చేతులు మారిన ఫోన్లు కొనేవారికి మరీ పనికివస్తుంది.

5జీ ఒకటి కాదు, రెండు

దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబరు 1న ప్రారంభమయ్యాయి. అయితే జియో, ఎయిర్‌టెల్ సంస్థలు రెండూ ఒకే దారిలో నడవలేదు. జియో 5జీ కోసం పూర్తిగా విడి వ్యవస్థను నిర్మించుకుంది. దీన్ని స్టాండలోన్, క్లుప్తంగా ఎస్‌ఏ అంటారు. ఎయిర్‌టెల్ అప్పటికే ఉన్న 4జీ వ్యవస్థను ఆసరాగా చేసుకుని దాని మీద 5జీని అమర్చింది. ఇది నాన్ స్టాండలోన్, అంటే ఎన్‌ఎస్‌ఏ.

ఆర్టీసీ బస్సులతో పోల్చి చెబితే సులువుగా బోధపడుతుంది. కొత్త బస్సులు కొని, వాటికి కొత్త డిపో కట్టి, టికెట్ల నుంచి నిర్వహణ దాకా అక్కడే చూసుకోవడం ఎస్‌ఏ పద్ధతి. కొత్త బస్సులు కొని పాత డిపో నుంచే నడపడం ఎన్‌ఎస్‌ఏ పద్ధతి. ప్రయాణికునికి రెండూ కొత్త బస్సులే. కానీ ఎన్‌ఎస్‌ఏలో ఫోను ముందుగా 4జీతో ముడిపడాలి. ఆ ముడి తెగకుండానే 5జీనీ అందుకోవాలి. ఒకేసారి రెండు పగ్గాలు పట్టుకునే నేర్పు ఫోనులోని చిప్‌కు ఉండాలి.

రెడ్‌మీ ఏ4లో వాడిన స్నాప్‌డ్రాగన్ 4ఎస్ జెన్ 2 చిప్‌కు ఆ నేర్పు లేదు. ధర తగ్గించే క్రమంలో కత్తిరించినవాటిలో అదీ ఒకటి. ఫలితంగా ఆ ఫోను ఎస్‌ఏ 5జీని మాత్రమే అందుకుంటుంది. అది విడుదలైన నాటికి ఎయిర్‌టెల్ తన మొబైల్ వినియోగదారులకు 5జీని ఎన్‌ఎస్‌ఏ పద్ధతిలోనే ఇస్తుండటంతో, ఆ సిమ్ వేసినవారికి 5జీ గుర్తు కనిపించలేదు. దాదాపు అదే సమయంలో, అదే చిప్‌తో వచ్చిన పోకో సీ75 5జీ పరిస్థితీ ఇంతే. శామ్‌సంగ్ ఎఫ్06లో ఉన్న డైమెన్సిటీ 6300 చిప్ రెండు పద్ధతులనూ అందుకుంటుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రెడ్‌మీలో ఎయిర్‌టెల్ సిమ్ పనిచేయదని కాదు. మాటలు వినిపిస్తాయి, 4జీ నెట్ వస్తుంది, ఫోన్‌పే చెల్లింపులు జరుగుతాయి. రానిది 5జీ ఒక్కటే. ఆ ఒక్కటి కోసమే డబ్బు పోశారా, లేదా అన్నది కొన్నవారు తమను తాము అడగవలసిన ప్రశ్న. కంపెనీ ఈ సంగతి దాచిపెట్టిందనీ అనలేం. దాని ప్రకటనల కింది చిన్న అక్షరాల్లో ఎస్‌ఏ మాత్రమేనన్న మాట ఉంది. పెద్ద అక్షరాల్లో ఉన్నది మాత్రం ‘5జీ’.

నష్టం వేగంలోనే కాదు, రీఛార్జిలోనూ ఉంది. 2024 జూలైలో ఛార్జీలు పెంచినప్పుడు జియో, ఎయిర్‌టెల్ రెండూ రోజుకు 2 జీబీ, అంతకు మించిన పథకాలు తీసుకునేవారికే అపరిమిత 5జీ డేటా అని మార్చాయి. ఆ పెద్ద పథకానికి డబ్బు కట్టి, ఫోను 5జీని అందుకోలేకపోతే అపరిమితం అన్న మాట కాగితానికే పరిమితం. రోజుకు ఇచ్చే 2 జీబీ సాయంత్రానికే అయిపోతే అంతే. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, పులివెందుల ఇంజినీరింగ్ కళాశాలలోనో చదివే పిల్లలకు పాఠాల వీడియోల కోసం ఫోను కొనిచ్చే తల్లిదండ్రులు ఈ లెక్క ముందే చూసుకోవాలి.

పాత పొరపాటే మళ్లీ

ఈ తరహా చిక్కు జిల్లాకు కొత్త కాదు. 2002 డిసెంబరులో రిలయన్స్ ఇండియా మొబైల్ సీడీఎంఏ పద్ధతిలో వచ్చింది. 2003 జూలైలో రూ.501 కడితే చాలు ఫోను చేతికి అన్న పథకం పెట్టినప్పుడు దేశమంతటా జనం ఎగబడ్డారు. సెల్‌ఫోన్‌ను సామాన్యుని గడపకు చేర్చిన ఘనత ఆ పథకానికి ఇవ్వాల్సిందే. అయితే ఆ ఫోన్లలో ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్ జీఎస్‌ఎం సిమ్‌లు వేసుకునే వీలు లేదు. సంస్థ నచ్చకపోతే ఫోనునే వదులుకోవలసి వచ్చేది.

2016 సెప్టెంబరు 5న జియో మొదలైనప్పుడు మరో రూపంలో అదే జరిగింది. జియోకు 2జీ, 3జీ లేవు. 4జీ మీదే మాటలు నడిచే వోల్టీ సదుపాయం ఉంటేనే నేరుగా కాల్ కలుస్తుంది. అంతకు ముందు ఏడాదే వేలు పోసి 3జీ ఫోను కొన్నవారు ఉచిత సిమ్ తెచ్చుకుని, దాన్ని పెట్టుకునే ఫోను లేక చూస్తూ ఉండిపోయారు. ఇప్పుడు మూడోసారి. ప్రతిసారీ ఫోను మంచిదే, సిమ్ మంచిదే, రెండింటికీ పొత్తు కుదరదు.

ధర లెక్క ఎక్కడ తారుమారవుతుంది?

వెయ్యి రూపాయల తేడా చూసి రెడ్‌మీ వైపు మొగ్గడం సహజం. ఆ రూ.8,499 ధరకు వచ్చేది 64 జీబీ నిల్వ. సిస్టమ్‌కు పోను మిగిలినదాన్ని పెళ్లి వీడియోలు, వాట్సాప్ సందేశాలు నింపడానికి ఎక్కువ కాలం పట్టదు. 128 జీబీ రెడ్‌మీ కావాలంటే విడుదలనాటి ధర రూ.9,499. శామ్‌సంగ్ అదే ధరకు 128 జీబీ ఇచ్చింది. అంటే సమానమైన సరుకును సమానంగా తూస్తే ఆ వెయ్యి తేడా కనిపించదు.

రెడ్‌మీ పక్షాన చెప్పవలసినవీ ఉన్నాయి. తెర పెద్దది, 6.88 అంగుళాలు. కళ్లజోడు లేకుండా అక్షరాలు చూసుకోవాలనుకునే పెద్దవారికి ఇది సుఖం. పెట్టెలో ఛార్జర్ ఇచ్చారు. శామ్‌సంగ్ పెట్టెలో ఛార్జర్ ఉండదు, విడిగా కొనాలి. ఇంట్లో సరైన ఛార్జర్ లేనివారు ఆ ఖర్చును ధరకు కలుపుకోవాలి.

శామ్‌సంగ్ బలం మరోచోట ఉంది. ఫోనులోని ఆండ్రాయిడ్ వ్యవస్థకు నాలుగు కొత్త తరాలు అందిస్తామని ఆ సంస్థ ప్రకటించింది. రెడ్‌మీకి ఆ హామీ రెండు తరాలే. భద్రతా సవరణలు మాత్రం రెండింటికీ నాలుగేళ్లు. రెండేళ్లకోసారి ఫోను మార్చేవారికి ఇది పట్టని విషయం. ఒకసారి కొంటే ఐదేళ్లు వాడే ఇళ్లలో ఇది పట్టించుకోవలసిన విషయం. కాలం గడిచేకొద్దీ బ్యాంకుల యాప్‌లు పాత ఆండ్రాయిడ్‌ను ఒక్కొక్కటిగా వదిలేస్తాయి. పింఛను, పంట సాయం, గ్యాస్ రాయితీ పడిందో లేదో ఫోనులోనే చూసుకునే రోజుల్లో ఆ యాప్ తెరుచుకోకపోవడం చిన్న ఇబ్బంది కాదు.

ఇక దుకాణం అద్దాల మీద కనిపించే ‘8 జీబీ ర్యామ్’ సంగతి. రెడ్‌మీలో అసలు ర్యామ్ 4 జీబీ. మిగిలిన నాలుగు నిల్వ స్థలం నుంచి అరువు తెచ్చుకున్నది. దాని వేగం అసలు ర్యామ్‌కు సాటిరాదు. 50 మెగాపిక్సెల్ కెమెరా కూడా మామూలుగా నాలుగు చుక్కలను ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెల్ చిత్రాన్నే ఇస్తుంది. ఇది మోసం కాదు, తక్కువ వెలుతురులో మేలు చేసే పద్ధతే. కాకపోతే ఆ అంకెను చూసి ఫోను ఎంచుకోవడం తరుగు అడగకుండా నగ కొన్నట్లే.

ఊరిని బట్టి సిగ్నల్

పట్టణం నడిబొడ్డున దుకాణంలో తగిలిన సిగ్నల్ చూసి మురిసిపోరాదు. ఎర్రమల కొండల చాటున గండికోట వైపున్న పల్లెల్లోనూ, పులివెందుల అరటి, చీనీ తోటల్లోనూ తగిలే సిగ్నల్ వేరు. తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు దూరం వెళతాయి, గోడలను దాటుతాయి. 2022 వేలంలో 700 మెగాహెర్ట్జ్ తరంగాలను కొన్న ప్రైవేటు మొబైల్ సంస్థ జియో ఒక్కటే. ఎక్కువగా వాడుతున్న 3,300 మెగాహెర్ట్జ్ తరంగాలు వేగంగా పనిచేసినా టవరుకు దూరమయ్యేకొద్దీ నీరసిస్తాయి. అలాగని జియో ప్రతి ఊళ్లోనూ మెరుగని కాదు. టవరు ఎక్కడుందన్నదే చివరికి లెక్క.

ట్రాయ్ నిబంధనల మేరకు ఏ సంస్థ సేవ ఏ ఊరిదాకా అందుతుందో చూపే పటాలను సంస్థలు తమ వెబ్‌సైట్లలో ఉంచుతున్నాయి. వాటిలో సొంత ఊరిని వెతుక్కోవచ్చు. అంతకంటే నమ్మదగిన మార్గం, అదే ఫోను వాడుతున్న బంధువునో పొరుగువారినో అడిగి మన సిమ్‌ను అందులో పెట్టి, మన ఇంటి వసారాలో పది నిమిషాలు చూడడం. ఎయిర్‌టెల్ కూడా ఎస్‌ఏ వైపు అడుగులు వేస్తున్న మాట నిజమే. కానీ మన ఊరికి వచ్చిందో లేదో తెలియకుండా రాబోయేదాన్ని నమ్మి కొనడం సబబు కాదు.

బీఎస్‌ఎన్‌ఎల్ వినియోగదారులకు మరో సూచన. ఆ సంస్థ స్వదేశీ 4జీని 2025 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభించారు. అది 700, 2,100 మెగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తుంది. పాత ఫోన్లలో కొన్ని 700ను అందుకోలేవు. ‘బ్యాండ్ 28’ ఉందా అని అడిగి తీసుకోవాలి.

ఏది కొనాలి?

ఎయిర్‌టెల్ సిమ్ ఉండి 5జీ కావాలనుకునేవారు ఈ రెండింటిలో శామ్‌సంగ్ తీసుకోవడమే మేలు. జియో సిమ్ ఉండి, బడ్జెట్ ఎనిమిదిన్నర వేలు దాటని వారికి 64 జీబీ రెడ్‌మీ న్యాయమైన బేరమే. జియో వారైనా 128 జీబీ కావాలంటే మళ్లీ శామ్‌సంగే. ఫోను ముందే కొనేసి ఇరుక్కున్న వారికి నంబరు మారకుండా సంస్థ మారే దారి ఉంది. ‘పోర్ట్’ అని రాసి ఖాళీ వదిలి తమ నంబరును 1900కు సందేశం పంపితే కోడ్ వస్తుంది. కనెక్షన్ తీసుకుని 90 రోజులు నిండి ఉండాలి. ఇంటిల్లిపాదీ ఒకే సంస్థలో ఉంటే ఒక్క ఫోను కోసం మారడం అవసరమా అన్నది వారు తేల్చుకోవలసినదే.

అసలు 5జీ అవసరమే లేని వారు చాలామంది ఉన్నారు. మోరగుడిలో మగ్గం దగ్గర కూర్చుని పట్టుచీర ఫొటో వ్యాపారికి పంపే నేతన్నకు, మార్కెట్ యార్డులో ధర ఫోను చేసి కనుక్కునే రైతుకు మంచి 4జీ సరిపోతుంది. అలాంటివారు 5జీ అన్న ముద్రకు ఇచ్చే డబ్బును నిల్వకో బ్యాటరీకో పెడితే ఎక్కువ ఉపయోగం.

వాయిదాల మీద తీసుకునేవారు ‘వడ్డీ లేదు’ అన్న మాట దగ్గర ఆగాలి. నగదుకు ఇచ్చే తగ్గింపు వాయిదాదారుకు ఇస్తున్నారా, ప్రాసెసింగ్ రుసుము ఎంత అని అడిగితే వడ్డీ ఎక్కడ దాక్కుందో తెలుస్తుంది. బిల్లు తప్పనిసరిగా తీసుకోవాలి. సెల్‌ఫోన్లపై జీఎస్టీ 18 శాతం. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే రేపు అడిగే హక్కును అమ్ముకున్నట్లే. ‘మీ సిమ్‌కు 5జీ వస్తుంది’ అని దుకాణదారు గట్టిగా చెబితే ఆ మాటనే బిల్లు మీద రాసివ్వమనాలి. రాయడానికి వెనుకాడితే జవాబు దొరికినట్లే. రాసిచ్చాక రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు.

పాత ఫోను కొనేవారు మరో పని చేయాలి. స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. ‘కేవైఎం’ అని ఆంగ్లంలో రాసి, ఖాళీ వదిలి, ఆ నంబరును 14422కు సందేశం పంపితే ఆ ఫోను ఏ కంపెనీది, ఏ నమూనా అన్నది జవాబుగా వస్తుంది. కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీలోనూ ఈ వివరాలు చూసుకోవచ్చు. చోరీ ఫోనుగా నమోదై ఉంటే అక్కడే తేలిపోతుంది. ఈ తనిఖీ డబ్బు చేతులు మారకముందే చేయాలి.