సారుగారి ప్రేమా? సంకెళ్లా?

కిందటేడు సంక్రాంతికి మా ఇంట్లో అరిసెలు వండుతున్నాం. మా చెల్లెలి కూతురు హైదరాబాద్ నుంచి వచ్చింది. డిగ్రీ అయ్యాక ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ సెక్షన్‌లో చేరి అప్పటికి ఏడాది. నేను పాకం చూస్తున్నాను, పిండి పోయాల్సింది తను. ఇంతలో సెల్‌ఫోను మోగింది. పిండి గిన్నె కింద పెట్టేసి పెరట్లోకి పరుగెత్తింది. తిరిగొచ్చిందో లేదో మళ్లీ మోగింది. అలా అయిదుసార్లు! పాకం కాస్తా ముదిరిపోయింది. "ఎవరే?" అంటే "మా సారు పెద్దమ్మా, ఆఫీసు పని" అంది. పండగపూట ఆఫీసు పనేమిటి? దాని చేతులు చూశాను. వణుకుతున్నాయి.

ఆ రాత్రి నా పక్కన పడుకుని అంతా చెప్పేసింది.

మొదట్లో బాగానే ఉండేదట. "నీలా పని చేసేవాళ్లు ఈ ఆఫీసులోనే లేరు" అనేవాడట. వానొస్తే కారులో హాస్టల్ దగ్గర దింపేవాడు. పుట్టినరోజుకి ఖరీదైన చీర కొన్నాడు. ఇరవై మూడేళ్ల పిల్ల, మొదటి ఉద్యోగం, ఊరుకాని ఊరు. మనసు మెత్తబడింది. దాన్ని నేను తప్పుపట్టను. మనం మాత్రం ఏం చదివి పెరిగాం? మా అమ్మ ట్రంకు పెట్టెలో దాచుకున్న పాత నవలలన్నీ నేను ఇంటర్ సెలవుల్లో చదివేసినవే. డబ్బున్న యజమాని, ఆత్మాభిమానం గల ఉద్యోగిని... యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ అయితే 1976లో సినిమాగా కూడా వచ్చింది. కథల్లో ఆయనగారు కోప్పడినా, అసూయపడినా మనకి ముద్దొచ్చేది. కానీ నిజం ఆఫీసులో జీతం, ప్రమోషను, సెలవు చీటీ మీద సంతకం అన్నీ ఆయన చేతిలోనే కదా! అక్కడ "వద్దు" అనడం అంత తేలికా?

తర్వాత రంగు బయటపడింది. తోటివాళ్లతో కలిసి అన్నం తినొద్దన్నాడు. తన గది అద్దానికి ఎదురుగా సీటు మార్పించాడు. రాత్రి పదకొండుకి ఫోను. ఎత్తకపోతే ఇరవైసార్లు. "నువ్వు లేకపోతే చచ్చిపోతా" అని మెసేజీలు. ఒకరోజు ధైర్యం చేసి "ఇక చాలు సార్" అంది. మర్నాటి నుంచి ప్రతి ఫైలూ తప్పే. సాయంత్రమైతే హాస్టల్ సందు చివర ఆయన కారు.

"మొదట్లో నాకూ ఇష్టమే కదా పెద్దమ్మా! ఇప్పుడు ఎవరికని చెప్పుకోను?" అని ఏడ్చింది.

"మానేసి వచ్చెయ్" అనబోయి ఆగిపోయాను. ఆయన దర్జాగా కుర్చీలో ఉంటే ఇది ఇంట్లో ఎందుకు కూర్చోవాలి? పొద్దున్నే మా వీధి లాయరమ్మగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ చెప్పినవి మీకూ చెబుతాను.

చట్టం ఏమంటోంది?

1992లో రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని అడ్డుకున్నందుకు భన్వరీదేవి అనే గ్రామ కార్యకర్త మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆ ఘోరంతో కదిలిన మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్లాయి. పనిచేసేచోట ఆడవాళ్ల రక్షణకి 1997లో కోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. 2013లో అదే చట్టమైంది.

* పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఒక కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు ఆడమనిషే. సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు. పదిమంది కన్నా తక్కువుంటే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు.

* చివరి సంఘటన జరిగిన 3 నెలల్లోగా రాసివ్వాలి. తగిన కారణం ఉంటే ఇంకో 3 నెలలు గడువిస్తారు. విచారణ 90 రోజుల్లో ముగించాలి.

* విచారణ జరుగుతుండగా అమ్మాయి రాసి అడిగితే ఆమెనో, ఆయన్నో వేరేచోటికి మార్చమని కమిటీ చెప్పవచ్చు. 3 నెలల దాకా సెలవూ ఇప్పించవచ్చు.

* ఒకప్పుడు ఇష్టపడినా సరే, వద్దన్నాక వెంటపడితే అది వేధింపే.

* వద్దన్నా వెంబడిస్తే పోలీసులకీ చెప్పవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం అది నేరం. మహిళల సహాయానికి 181 నంబరు ఉంది.

మనం చేయాల్సింది

మెసేజీలు చెరిపేయనివ్వకండి. పాల లెక్క రాసుకున్నట్టు తేదీ, టైము, ఏమన్నాడు, ఎవరు చూశారు... ఒక నోటుబుక్కులో రాయించండి. "వద్దు" అన్నది ఒక్కసారైనా మెసేజీలో ఉండేలా చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, "నువ్వేం చేశావ్?" అని మాత్రం అడక్కండి. ఆ ఒక్క మాటతో పిల్ల నోరు మూతపడుతుంది.

మా అమ్మాయి రాసిచ్చింది. ఆఫీసులో గుసగుసలు తప్పలేదు. "నీకూ ఇష్టమేగా" అన్నవాళ్లూ ఉన్నారు. విచారణ సాగుతుండగానే తనని వేరే అధికారి కిందకి మార్చారు. చివరికి ఆయన్ని వేరే ఊరికి పంపించారు. తను అక్కడే పని చేస్తోంది. అయితే ఇప్పటికీ రాత్రిపూట ఫోను మోగితే ఉలిక్కిపడుతుంది.

రోజూ పిల్లలకి ఫోను చేసి "తిన్నావా?" అని అడుగుతాం కదా! ఈ రాత్రి ఇంకో మాట కూడా అడగండి. "ఆఫీసులో ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా అమ్మా?" అని. జవాబు వెంటనే రాకపోతే ఫోను పెట్టేయకండి. కాసేపు ఆగండి.