గట్టులో గూడు పెట్టే నీలిచారల ఈగను గుర్తుపడదాం

మిరప, పత్తి చేలల్లో గట్లు చెక్కే రోజుల్లో కూలీలకు ఇది కొత్త సంగతి కాదు. పార దెబ్బకు మట్టి విరిగినచోట పెన్సిలు దూరేంత బొక్కలు నాలుగైదు కనబడతాయి. అందులోంచి ఒక ఈగ జుయ్యిమంటూ బయటికొచ్చి మొహం ముందు గాలిలో నిలబడుతుంది. "కందిరీగలు, కుడతాయి" అని ఎవరో అరుస్తారు. ఇంకెవరో కిరసనాయిలో, మిగిలిన పురుగుమందో తెచ్చి బొక్కల్లో పోస్తారు. పని అయిపోతుంది. చచ్చింది శత్రువా, మిత్రుడా అని అడిగేవాళ్ళు వుండరు.

వాడరేవు ఇసుక దిబ్బలు దాటి చీరాల మీదుగా పర్చూరు, ఇంకొల్లు నల్లరేగడి చేలదాకా వ్యవసాయ కార్మికుల మధ్య తిరిగేటప్పుడు మేము చూసిందేమంటే, పంటను తినే పురుగుల పేర్లు మనవాళ్ళకు కంఠోపాఠం. శనగపచ్చ పురుగు, తెల్లదోమ, తామర పురుగు అని పసిపిల్లలు కూడా చెబుతారు. పంటకు సాయపడే పురుగు పేరు చెప్పమంటే మాత్రం తేనెపట్టు ఈగ దగ్గర ఆగిపోతారు. ఇందులో కూలీల తప్పేమీ లేదు. చంపాల్సిన పురుగు బొమ్మ మందుల కంపెనీ గోడకు అతికిస్తుంది. బతకాల్సిన పురుగు బొమ్మ అతికిస్తే దానికొచ్చే లాభమేముంది?

అందుకని గట్టులో గూడు పెట్టే ఈ ఈగ సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం.

పట్టు లేదు, రాణి లేదు

తేనెటీగ అనగానే మనకు చెట్టుకు వేలాడే పట్టు గుర్తుకొస్తుంది. ప్రపంచంలో శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన తేనెటీగ జాతులు ఇరవై వేలకు పైనే వున్నాయి. వాటిలో పట్టు పెట్టి గుంపుగా బతికేవి కొన్నే. అత్యధిక భాగం ఒంటరి ఈగలు. వాటిలోనూ ఎక్కువ జాతులు నేలను తవ్వి మట్టిలో గూడు పెట్టుకుంటాయి. యూరపు దేశాల్లో వీటిలో ఒక రకాన్ని "గని కార్మిక ఈగలు" అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. తవ్వడమే వాటి బతుకు గదా!

ఆ యూరపు రకం పేరు ఆండ్రీనా. మన దేశంలో ఉత్తరాది ఆవచేలల్లో అది బాగా పనిచేస్తుంది. మన మైదానాల్లో మట్టి తవ్వే ఈగల్లో తేలిగ్గా కంటికి ఆనేది ఇంకొకటి. శాస్త్రంలో దాని పేరు అమెజిల్లా జొనేటా. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1758లోనే దాన్ని వర్ణించి పేరు పెట్టాడు. జొనేటా అంటే పట్టీలు గలది, నడికట్టు కట్టినది అని. మనం నీలిచారల ఈగ అందాం.

ఎలా వుంటుంది?

పొడవు సుమారు 12 మిల్లీమీటర్లు. మన తొర్ర తేనెటీగ కంటే కాస్త పెద్దది, దానికంటే బొద్దుగా, గుండ్రంగా వుంటుంది. నడుము కందిరీగకు మల్లే సన్నగా తీగలాగా వుండదు.

తల వెనక, రెక్కలు పుట్టే వీపు భాగమంతా గోధుమ, ఎరుపు కలిసిన దట్టమైన నూగు. దూరం నుంచి చూస్తే ఎర్రటి దుప్పటి కప్పుకున్నట్టుంటుంది. పొట్ట నల్లగా నిగనిగలాడుతుంది. ఆ నలుపు మీద అడ్డంగా నీలిపట్టీలు. ఎండ పడితే కొన్నిటిలో ఆకుపచ్చ ఛాయ కూడా కనిపిస్తుంది. ఈ పట్టీలే అసలు గుర్తు. ఆడ ఈగకు నాలుగు, మగదానికి అయిదు. పొట్ట మీది పట్టీలు లెక్కపెడితే ఆడో మగో చెప్పొచ్చు. ఈగ ముసలిదయ్యేకొద్దీ నూగు రాలి రంగు వెలిసిపోతుంది. అప్పుడు పొరబడకూడదు.

మొహం మీద లేత పసుపు మచ్చలు, పెద్ద కళ్ళు, బాగా పొడవైన నాలుక. ఆడ ఈగ వెనక కాళ్ళకు కుచ్చులాగా వెంట్రుకలుంటాయి. పుప్పొడి వాటిలో పొడిపొడిగా అంటుకుని వస్తుంది. పట్టు తేనెటీగ అయితే పుప్పొడిని తడిపి ముద్దచేసి కాలి గుంటలో పెట్టుకుపోతుంది. పొడిగా వుందా, ముద్దగా వుందా అన్నది చూస్తే చాలు, రెంటికీ తేడా తెలిసిపోతుంది.

ఎగరడం కూడా ఒక గుర్తే. ఇది తిన్నగా పోదు. రివ్వున వచ్చి పువ్వు ముందు గాలిలో ఆగి, నాలుక చాచి, మళ్ళీ రివ్వున పక్కకు దూకుతుంది. సన్నటి, హెచ్చుస్థాయి జుంకారం చేస్తుంది. పొద్దుగూకాక గట్టు మీద ఎండుపుల్లను నోటితో కరిచిపట్టుకుని వరసగా వేలాడుతూ నిద్రపోయే ఈగలు కనబడితే, అవి దీని మగ ఈగలు కావచ్చు. వాటికి గూడు లేదు. పుల్లే మంచం.

దేనితో పొరబడతాం?

కందిరీగకు ఒంటి మీద దట్టమైన నూగు వుండదు, నడుము సన్నన, కాలికి పుప్పొడి వుండదు. తుమ్మెద దీనికి రెండింతలు పెద్దది, నల్లగా వుంటుంది, ఎండుకొయ్యను తొలిచి అందులో వుంటుంది. ఈ రెంటితో తేడా తేలికే.

అసలు చిక్కు ఇంకొక దానితో. నల్లటి ఒంటి మీద మెరిసే నీలిచుక్కలున్న ఈగ ఒకటి ఈ బొక్కల దగ్గరే తచ్చాడుతుంది. దాని పేరు థైరియస్. దీనికున్నవి చుక్కలు, దానికున్నవి పట్టీలు. థైరియస్ కాళ్ళకు పుప్పొడి కుచ్చులు వుండవు. ఎందుకంటే అది పుప్పొడి మోయదు, గూడు తవ్వదు. నీలిచారల ఈగ బయటికి పోయినప్పుడు దాని గూట్లో దూరి గుడ్డు పెట్టి పోతుంది. పుట్టిన పిల్ల అక్కడ దాచిన తిండి తినేస్తుంది. ఒకరు దున్నితే మరొకరు కుప్ప నూర్చుకుపోవడం మన ఊళ్ళల్లోనే కాదు, గట్టు లోపలా వుంది!

మరొక జాగ్రత్త. ఇదే కుటుంబంలో నీలిపట్టీలున్న జాతులు ఇంకా వున్నాయి. కచ్చితంగా ఏ జాతో తేల్చాలంటే భూతద్దం కింద పెట్టి చూడాలి. చేలో పని చేసేవాళ్ళకు అంత అవసరం లేదు. ఎర్రనూగు వీపు, నీలిపట్టీల పొట్ట, కాలికి పొడి పుప్పొడి వుంటే అది మనదే.

కుడుతుందా?

మగ ఈగకు ముల్లు లేదు. ఆడదానికి వుంది గాని గుప్పిట్లో పట్టి నలిపితే తప్ప కుట్టదు. కాపాడుకోవాల్సిన పట్టు లేదు కాబట్టి గుంపుగా తరమదు. బొక్కలు దగ్గరదగ్గరగా వున్నా, ఒక్కో బొక్క ఒక్కో తల్లిది. ఒకే వాడలో వేరువేరు ఇళ్ళు అన్నమాట. తల్లి ఒక్కతే మట్టి తవ్వి, చివర చిన్న గది చేసి, లోపల మైనం లాంటి పూత పూసి తడి చేరకుండా చేస్తుంది. పుప్పొడి, మకరందం కలిపి నింపి, ఒక గుడ్డు పెట్టి, మూతేసి ఇంకో గది మొదలుపెడుతుంది. మందు పోస్తే పోయేది ఆ ఒక్క తల్లి కాదు, వచ్చే తరం.

పంటలో దాని పని

వంగ పువ్వును చూడండి. దాని పుప్పొడి సంచులు పూర్తిగా విచ్చుకోవు, కొనన చిన్న రంధ్రాలే వుంటాయి. పువ్వును పట్టుకుని గట్టిగా వణికిస్తేనే పుప్పొడి రాలుతుంది. పట్టు తేనెటీగకు ఆ విద్య రాదు. నీలిచారల ఈగకు వచ్చు. రెక్కలు కదలకుండా ఒళ్ళంతా వణికించి పుప్పొడి దులుపుతుంది. ఆస్ట్రేలియాలో దీని దగ్గరి చుట్టాన్ని పరిశోధకులు వేగంగా ఫోటోలు తీసి చూస్తే, టమాటా పువ్వును అది సెకనుకు సుమారు 350 సార్లు తలతో మోదుతున్నట్టు తేలింది.

మిరప, పత్తి తమంతట తాము కూడా కాస్తాయి. అయినా ఈగలు తిరిగిన చేలో కాయ నిలవడం, గింజ కట్టడం మెరుగ్గా వుంటుంది. ఈగ చేసే పనికి విలువ ఎంతో తెలియాలంటే హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలను తలుచుకోవాలి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 1990ల నుంచి వేలాది ఆడపిల్లల్ని బడి మాన్పించి ఆ చేలల్లో దించారు. సాయంత్రం మొగ్గలోని మగభాగం గిల్లి పారెయ్యడం, మరుసటి పొద్దున ఒక్కో పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దడం వాళ్ళ పని. ఎంచుకున్న పుప్పొడే పడాలి గనుక అక్కడ ఈగకు తావులేదు. ఈగ ఉచితంగా చేసే పనిని మనిషి చేత చేయిస్తే ఎన్ని చేతులు, ఎన్ని గంటలు కావాలో ఆ పిల్లల వేళ్ళను అడగాలి.

ఈగను చంపే మందే కూలీని చంపుతుంది

గుంటూరు, ప్రకాశం రైతాంగం 1987-88ని మరచిపోలేదు. తెల్లదోమ, శనగపచ్చ పురుగు మందులకు లొంగలేదు. పదిహేను, ఇరవై సార్లు కొట్టినా పత్తి దక్కలేదు. అప్పులపాలై పలువురు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మందు షాపువాడే అప్పిచ్చేవాడు, వాడే ఏ మందు కొట్టాలో చెప్పేవాడు. కౌలురైతుకు వేరే దారేది?

2021-22లో నల్ల తామర పురుగు మిరప మీద పడింది. అది పువ్వు లోపలే దాక్కుంటుంది. దాంతో మందు పువ్వుకే గురిపెట్టారు. ఆ పువ్వు దగ్గరకే ఈగా వస్తుంది. పొద్దున పువ్వు విచ్చుకునే వేళ, ఈగ తిరిగే వేళ, కూలీ మందుడబ్బా భుజానికెత్తుకునే వేళ ఒకటే.

నేలలో గూడు పెట్టే ఈగకు మట్టిలోనూ విషం తగులుతుంది. కెనడాలో 2021లో వెలువడిన ఒక పరిశోధనలో, గుమ్మడి నాటేటప్పుడు నేలలో ఇమిడాక్లోప్రిడ్ వేసినచోట, నేల ఈగలు పెట్టిన గూళ్ళు 85 శాతం తగ్గాయి. ఇదే మందుతో పాటు అదే తరగతికి చెందిన మరో రెండింటిని ఆరుబయట పంటల్లో వాడకూడదని యూరపు దేశాలు 2018లో నిర్ణయించాయి. మన పత్తి విత్తనానికి పూసి అమ్మేది ఆ తరగతి మందులే.

ఇక గడ్డిమందు. గట్ల మీది తుమ్మిపూలు, అడవితులసి మాడిపోతే ఈగకు తిండి పోతుంది. కలుపుతీత పనిదినాలు పోతే ఆడకూలీకి తిండి పోతుంది. దెబ్బ ఒకటే, తగిలేది ఇద్దరికి.

మనం చేయగలిగినవి

పూత మీద వున్న చేలో పొద్దుటిపూట మందు కొట్టొద్దని కూలీలంతా ఒక మాట మీద నిలబడాలి. తప్పనిసరైతే ఈగలు తిరగడం మానిన సాయంకాలం కొట్టాలి. పురుగుమందుల చట్టం 1968లోనూ, దాని నిబంధనలు 1971లోనూ వచ్చాయి. మందు కొట్టే మనిషికి రక్షణ దుస్తులివ్వాలని ఆ నిబంధనలు చెబుతున్నాయి. చేతి తొడుగు, మొహానికి గుడ్డ లేకుండా డబ్బా ఎత్తేది లేదని కూలి మాట్లాడుకునేటప్పుడే చెప్పాలి.

గట్టు చెక్కేటప్పుడు బొక్కలున్న బారెడు మేర వదిలెయ్యమని ఆసామికి నచ్చజెప్పాలి. ఈ ఈగ మట్టిగోడల్లో కూడా గూడు పెడుతుంది. పేదవాడి మట్టిగోడ పోయి పక్కా ఇల్లు రావలసిందే, అందులో రెండో మాట లేదు. అందుకే గట్టయినా దానికి మిగలాలి.

బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల వుంది. పురుగుల శాస్త్రం తెలిసినవాళ్ళు అక్కడ వున్నారు. మిత్రపురుగుల బొమ్మలు కూలిపేటల గోడల మీద కనబడేలా చేయమని, మన సంఘాల తరఫున వాళ్ళను అడగాలి. అది జరిగేదాకా, చదువు రానివాళ్ళకు ఈ వ్యాసం ఎవరైనా చదివి వినిపించండి. రేపు గట్టు మీద కనబడిన ఈగకు పట్టీలెన్నో లెక్కపెట్టి చూడమనండి.