పంటి మరక - దాని నమోదు

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో పిల్లలు నవ్వినపుడు ముందుపండ్లమీద సుద్దవంటి తెల్లని చారలో, గోధుమరంగు మరకలో అగపడుట తరతరములుగా ఎరిగిన సంగతియే. ఇది పండ్లు తోమకపోవుటచే కలిగినది కాదు, నీటివలన కలిగినది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టభూములకు అడుగున గ్రానైటు శిలలున్నవి. వానిలోని ఖనిజములనుండి ఫ్లోరైడు కొద్దికొద్దిగా కరగి భూగర్భజలములో చేరును. భారత ప్రమాణము ప్రకారము లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదు. వేరొక నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాములవరకు అనుమతింతురు. చిగురులోపల పంటి పింగాణి పొర తయారగునపుడు ఇంతకు మించిన నీరు త్రాగినచో, ఆ పొర సరిగా గట్టిపడదు. పొర పూర్తియైన పిదప ఈ లోపము క్రొత్తగా కలుగదు. కావున పంటి మరక బాల్యమున త్రాగిన నీటికి సాక్షి.

పై దవడలోని నడిమి ముందుపండ్ల పింగాణి, బిడ్డ పుట్టిన కొద్ది నెలలకు మొదలై సుమారు నాలుగైదేండ్లకు పూర్తియగును. ఆ పండ్లు బయటికి వచ్చునది ఏడెనిమిదేండ్లకు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము కృష్ణా, గోదావరి జలములను పల్లెలకు తెచ్చినది. దాని ఫలితము పండ్లమీద ఎట్లున్నదో తెలియవలెనన్న, ఆ నీరు ఊరికి చేరిన పిదప పుట్టిన పిల్లల పండ్లనే చూడవలెను. ఇచ్చటనే కంప్యూటరు నమోదుల మంచిచెడ్డలు తేలును.

నమోదులో "ప్రస్తుత చిరునామా" మాత్రమే ఉన్నదనుకొందము. పాలమూరునుండి కూలిపనికై వలసవెళ్ళిన కుటుంబములోని బిడ్డ శైశవమున ఏ ఊరి నీరు త్రాగెనో అందు తెలియదు. పుట్టిన సంవత్సరము, మొదటి ఎనిమిదేండ్లు ఉన్న ఊళ్ళు, త్రాగిన నీరు బోరుబావిదా, నదిదా అనునవి లేనిచో, వేల నమోదులున్నను ప్రశ్నకు జవాబు రాదు.

రెండవది పంటి పేరు. "పైన ముందుపన్ను" అన్న ఏ పన్ను? ఇందులకు రెండంకెల పద్ధతి గలదు. పై దవడలో కుడివైపు నడిమి పన్ను 11, ఎడమవైపుది 21. కుడియెడమలు రోగివే గాని చూచువానివి కావు.

మూడవది తీవ్రత. "మరక గలదు" అనిన చాలదు. అమెరికా దంతవైద్యుడు ట్రెండ్లీ డీన్ 1934లో ప్రకటించి 1942లో సవరించిన సూచిక ఆరు తరగతులను చెప్పును: మామూలు, సందేహాస్పదము, అతిస్వల్పము, స్వల్పము, మధ్యమము, తీవ్రము. ఎక్కువగా చెడిన రెండు పండ్లను చూచి తరగతి నిర్ణయింతురు. ఆ రెండును సమానముగా లేనిచో తక్కువ చెడినదానినే లెక్కింతురు. పుచ్చుమచ్చను, పొగాకు గారను ఇందులో కలుపరాదు.

నాలుగవది ఖాళీగడి. మరక లేదని ఖాళీ విడిచిరా, అసలు చూడనే లేదా? "లేదు", "చూడలేదు" అను రెండు జవాబులు వేర్వేరుగా ఉండవలెను. కంప్యూటరు ఖాళీగడిని అడ్డగింపగలదు. 11 బదులు 21 వ్రాసిన పొరపాటును మాత్రము అది కనిపెట్టజాలదు. అందుచే కొందరు పిల్లలను ఇద్దరు వైద్యులు వేర్వేరుగా పరీక్షించి, ఫలితములను పోల్చి చూతురు.

ఈ విషయమును తరగతిలోనే చూపవచ్చును. పది పండ్ల బొమ్మలను ఇద్దరు విద్యార్థులకు విడివిడిగా ఇచ్చి తరగతులు వ్రాయుమనవలెను. మొదట నియమములు చెప్పక ఒకసారి, చెప్పిన పిదప ఒకసారి వ్రాయించి, ఎన్నింట ఏకీభవించిరో లెక్కింపవలెను. కొలత ఒకటిగా లేనిదే లెక్క నమ్మదగినది కాదని ఆ రెండు అంకెలు పిల్లలకు బోధించును.