డైనో కాగితం చదవడం ఎలా?

పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పుకునే బడిపంతులికి మోటారు పందేల సంగతులెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. మా కోయంబత్తూరు వాళ్లకు మాత్రం అనిపించదు. ఈ ఊరికి పంపుసెట్లతో, గ్రైండర్లతో ఎంత పేరుందో పందెపు కార్లతోనూ అంత పేరుంది. ఊరి పక్కన చెట్టిపాళయంలో 2003లో కరి మోటార్ స్పీడ్‌వే మొదలైంది. కారంటే చెవి కోసుకునే పిల్లవాడు లేని తరగతి నాకింతవరకు తగల్లేదు.

అలాంటి పాత విద్యార్థి ఒకడు ఈమధ్య రెండు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. సెకండ్ హ్యాండులో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కొన్నాడు. 2017లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన రకం. రెండు లీటర్ల టర్బో ఇంజను, ముందు చక్రాలకు శక్తి. మొదటి కాగితం బెంగళూరులో తీయించినది, అందులో 250 అశ్వశక్తి అని ఉంది. ఆరు నెలల తర్వాత మా ఊళ్లో తీయించిన రెండో కాగితంలో 191.

"ఆరు నెలల్లో 59 గుర్రాలు పోయాయి సార్. బూస్టు పెంచే ప్రోగ్రాము వేయించేస్తాను. లక్ష దాకా అవుతుందంట" అన్నాడు. ఆ లక్ష కూడా అప్పు చేసి పెట్టేదే.

"ఏమప్పా, ముందు కూర్చో. కాఫీ తాగు. తర్వాత లెక్క చూద్దాం" అన్నాను.

డైనో అంటే నేలలో బిగించిన పెద్ద రోలర్లు. కారు చక్రాలను వాటిమీద ఉంచి, కారును పట్టీలతో కట్టేసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కుతారు. రోలరు బరువు ముందే తెలుసు కాబట్టి అది ఎంత త్వరగా వేగం పుంజుకుందో చూసి శక్తిని లెక్క కడతారు. కొన్ని యంత్రాల్లో రోలరుకు విద్యుత్తుతో పనిచేసే బ్రేకు కూడా ఉంటుంది. ఆ కాగితం మీద రెండు గీతలు వస్తాయి. ఒకటి టార్కు, ఒకటి అశ్వశక్తి.

ఈ రెంటికీ తేడా తెలియాలంటే పెద్దవాళ్లు మోట బావిని గుర్తు తెచ్చుకోండి. ఎద్దులు ఒక్క లాగుకు ఎంత బరువైన బానను పైకి తెస్తాయో అది టార్కు. గంటకు ఎన్నిసార్లు బావి దగ్గరికి వెళ్లి వస్తాయో అది ఇంజను తిరుగుళ్లు, అంటే ఆర్‌పీఎం. సాయంత్రానికి చేలో పారిన నీళ్లను బట్టి అశ్వశక్తి తెలుస్తుంది. న్యూటన్ మీటర్లలో ఉన్న టార్కును ఆర్‌పీఎంతో హెచ్చవేసి 7024తో భాగిస్తే మెట్రిక్ అశ్వశక్తి వస్తుంది. అశ్వశక్తి అనేది విడిగా కొలిచే వస్తువు కాదు, ఈ హెచ్చవేతలో పుట్టేదే.

ఈ కారుకు కంపెనీ చెప్పిన టార్కు 1500 నుంచి 4600 ఆర్‌పీఎం దాకా 350 న్యూటన్ మీటర్లు. 350ని 4600తో హెచ్చవేసి 7024తో భాగించండి, 229 వస్తుంది. కంపెనీ చెప్పిన 230 గుర్రాలు అక్కడివే. ఆ 230 అక్కడినుంచి 6200 ఆర్‌పీఎం దాకా అలాగే నిలుస్తుందని చెప్పారు. అంటే 6200 దగ్గర టార్కు 260కి పడిపోయిందన్నమాట. కాగితం మీద టార్కు గీత కిందికి వాలగానే ఇంజను చెడిందని కంగారు పడేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చేసుకోవాలి.

ఇక మావాడి 250 సంగతి. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో రెండు మాటలున్నాయి. శక్తి ఇంజను దగ్గరిదని ఒకటి, వాతావరణ సవరణ 1.10 అని రెండోది. రోలరు కొలిచేది చక్రాల దగ్గరి శక్తిని మాత్రమే. గేర్లలో, టైర్లలో పోయినదాన్ని 15 శాతమని అంచనా వేసి పైన కలిపారు. ఈ 15 కొలిచిన అంకె కాదు, ఊహ. తర్వాత బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, అక్కడ గాలి పదోవంతు పలచన అని ఇంకో పది శాతం కలిపారు.

టర్బో లేని ఇంజనుకు ఈ సవరణ న్యాయమే. టర్బో ఉన్న ఇంజనులో, బయటి గాలి పలచనైతే కంప్యూటరు టర్బోను ఇంకాస్త వేగంగా తిప్పించి తనకు కావలసిన ఒత్తిడిని చాలావరకు తెచ్చుకుంటుంది. లోటును ఇంజనే పూడ్చుకుంది, కాగితం మళ్లీ పూడ్చింది. ఒకే జీతం రెండుసార్లు తీసుకున్నట్టు! ఆ రెండు కలుపుళ్లూ తీసేస్తే మిగిలేది 193. మా ఊరి కాగితం ఏ సవరణా లేకుండా చక్రాల దగ్గర 191 అంటోంది. పోయిన గుర్రాలు రెండే రెండు. డైనో మీద అదే కారును వెంటవెంటనే రెండుసార్లు తొక్కినా అంత తేడా వస్తుంది.

మావాడి ముఖం వెలిగింది. నేనూ కాగితాలు మడిచేసేవాణ్ణే. కానీ అంకెను వదిలి గీతలను ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురులో చూస్తే ఇంకో సంగతి బయటపడింది. రెండూ నాలుగో గేరులోనే తీసినవి. పాత కాగితంలో టార్కు నిండుగా అందిన చోటికి, కొత్తదానిలో ఆరువందల ఆర్‌పీఎం ఆలస్యంగా అందుతోంది. శిఖరం అదే, ఎక్కడమే ఆలస్యం. లోపలికి వెళ్లే గాలి వేడి కూడా మొదటి పరుగులో 38 డిగ్రీలుంటే మూడో పరుగుకు 62 అయింది.

సైకిలు పంపు కొట్టేటప్పుడు గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కడం మీకు తెలుసు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. టర్బో చేసేదీ అదే కాబట్టి ఆ గాలిని ఇంటర్‌కూలరులో చల్లార్చి ఇంజనుకు పంపుతారు. ఒత్తిడి ఒకటే అయినా 38 డిగ్రీల గాలికంటే 62 డిగ్రీల గాలిలో ఆక్సిజను ఏడు శాతం తక్కువ. వేడిగాలితో పెట్రోలు సమయం కాకముందే అంటుకుని సిలిండరులో సుత్తి దెబ్బలు పడతాయి. దాన్నే నాకింగ్ అంటారు. దాని జాడ తెలియగానే కంప్యూటరు స్పార్కును వెనక్కు జరుపుతుంది, శక్తి తగ్గుతుంది. డైనో గదిలో ఫ్యాను చిన్నదైనా వేడి పెరుగుతుంది, అది నిజమే. కానీ వేడితోపాటు బూస్టు ఆలస్యం కూడా ఉంటే, దారిలో ఎక్కడో గాలి కారుతోందేమోనని చూడాలి. కారిన గాలిని భర్తీ చేయడానికి టర్బో అవసరానికి మించి తిరుగుతుంది, గాలి ఇంకా వేడెక్కుతుంది.

ఇలాంటి కారుకు బూస్టు పెంచే ప్రోగ్రాము వేస్తే ఏమవుతుందో ఆలోచించండి. చిల్లుపడిన బానకు ఎద్దులను ఇంకా కొట్టి తోలినట్టవుతుంది. కాగితం మీద గుర్రాలు పెరుగుతాయి, మావాడు సంతోషిస్తాడు, కొన్నాళ్లకు టర్బో బేరింగులో, పిస్టనో పోతుంది. అప్పుడు ఖర్చు లక్షతో ఆగదు.

గాలి దారి మూసి, పొగను ఒత్తిడితో పంపి చూసే పద్ధతి ఒకటుంది. మెకానిక్ అలా చూస్తే, ఇంటర్‌కూలరు నుంచి వచ్చే గొట్టం బిగింపు దగ్గర సన్నగా పొగ వచ్చింది. అంతకుముందు ఎవరో గొట్టం విప్పి మళ్లీ సరిగా కూర్చోబెట్టలేదు. కొత్త క్లిప్పు, కొత్త రబ్బరు సీలు, గంట కూలీ, అంతే ఖర్చు. స్పార్క్ ప్లగ్గులు కూడా మార్పించాం. మార్చే వయసు ఎలాగూ వచ్చింది.

అన్నీ బాగున్నాక కూడా బూస్టు పెంచుకోవాలనేవాళ్లు ఉంటారు, ఉండనివ్వండి. పాత కార్లలో చిన్న వాల్వు తిప్పి బూస్టు పెంచేవాళ్లు. ఈ కారులో టర్బో వేస్ట్‌గేటును నడిపేది చిన్న విద్యుత్ మోటారు, దాన్ని ఆడించేది కంప్యూటరు. అందుకని ప్రోగ్రాము రాసేవాడి చేతిలోనే ఇంజను ప్రాణం. రాయించేముందు అతన్ని గాలి వేడి, నాకింగ్, పెట్రోలు పాళ్లు ఉన్న రికార్డు చూపించమనండి. పూర్తిగా తొక్కినప్పుడు ఒక పాలు పెట్రోలుకు గాలి పన్నెండు, పన్నెండున్నర పాళ్ల దగ్గర ఉండాలి. 14.7 దగ్గరే ఉంటే కారును ఇంటికి తోలుకుపోండి. ఏ పెట్రోలుకు రాశాడో కూడా అడగాలి. 100 ఆక్టేన్ పెట్రోలును ఇండియన్ ఆయిల్ 2020లో తెచ్చినా, ప్రతి బంకులో దొరకదు. దానికి రాసిన ప్రోగ్రాముతో మామూలు పెట్రోలు పోసి ఘాట్ రోడ్డు ఎక్కకూడదు. గేర్‌బాక్సులోని క్లచ్చులు కూడా కంపెనీ టార్కును చూసి పెట్టినవే. ఇన్సూరెన్సు వాళ్లకు తెలియకుండా చేసిన మార్పు, ప్రమాదం జరిగిన రోజున మీకే అడ్డం తిరుగుతుంది.

గొట్టం బాగుచేయించాక అదే డైనో మీద, అదే గేరులో, టైర్లలో అంతే గాలితో మూడో కాగితం తీయించాం. శిఖరం 194 వచ్చింది. టార్కు గీత బెంగళూరు గీతమీద సరిగ్గా కూర్చుంది. మావాడు ఆ కాగితాన్ని సర్వీసు పుస్తకంలో పెట్టుకుని, లక్ష సంగతి వచ్చే ఏడు చూద్దాం సార్ అని వెళ్లాడు.