తెలుగు పుటవిన్యాసంలో గ్రిడ్: ఒత్తు, పద్యపాదం

పుటను నిలువు వరుసలుగా, గడులుగా విభజించి పాఠాన్నీ చిత్రాలనూ వాటిలో నిలపడమే గ్రిడ్ పద్ధతి. దానిపై యోసెఫ్ మ్యూలర్-బ్రోక్‌మాన్ 1981లో వెలువరించిన గ్రంథం ప్రసిద్ధం. అయితే అందులోని కొలతలు రోమన్ లిపికి చెందినవి.

తెలుగు అక్షరం కిందికీ పెరుగుతుంది. 'రాష్ట్రం', 'లక్ష్మి' వంటి పదాల్లోని ఒత్తులు కింది పంక్తిలోని గుడులను తాకుతాయి. 12 పాయింట్ల అక్షరానికి సాఫ్ట్‌వేర్ సాధారణంగా తనంతట ఇచ్చే 14.4 పాయింట్ల పంక్తిదూరం చాలదు. మెదక్‌లో విద్యార్థుల సంచికను కూర్చినప్పుడు, ఒత్తు తగిలిన పంక్తిని మాత్రమే కిందికి జరిపాం. తగులాట తీరింది గాని పక్క వరుసలోని పంక్తులతో పొంతన పోయింది. అన్నిటికంటె లోతైన ఒత్తును బట్టి పంక్తిదూరాన్ని ముందే నిర్ణయించి (నేను 18 పాయింట్లతో మొదలుపెడతాను), గడుల ఎత్తులను దాని గుణిజాలుగా తీసుకోవాలి.

వెడల్పును నిర్ణయించేది పద్యం. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. ఇరుకైన వరుసలో పాదం విరిగితే ప్రాసాక్షరాలు ఒకదాని కింద ఒకటి కనబడవు. ఛందస్సు బోధించేవారికి ఇది కేవలం అలంకారవిషయం కాదు. విరిగిన పాదాలను వచనకవితగా చదివిన విద్యార్థులున్నారు. పద్యం వచ్చినచోట రెండు వరుసలనూ కలిపివేయడం మేలు.