బొమ్మ తెలియని కత్తి

అమెరికా కళాకారుడు టిమ్ క్లైన్ పాత జిగ్‌సా పజిళ్లతో పనిచేస్తాడు. ఒకే కంపెనీవి, బొమ్మలు వేరైన రెండు పెట్టెలు తీసుకుని, ఒకదాని ముక్కల్ని రెండోదాని మధ్య అమరుస్తాడు. రెండూ కలిసి ఎవరూ ఊహించని మూడో బొమ్మ తయారవుతుంది. అంచులు చెక్కాల్సిన అవసరం రాదు. పరాయి బొమ్మలోంచి వచ్చిన ముక్క సొంతింట్లో కూర్చున్నంత నిబ్బరంగా కూర్చుంటుంది. కళగా అది ముచ్చటైన పనే. జిగ్‌సాను ఒక యంత్రంగా చూసేవాళ్లకు మాత్రం అందులో గట్టి సాక్ష్యం దొరుకుతుంది: ఆ ముక్కల్ని కోసిన కత్తికి బొమ్మ ఏమిటో తెలియదు. కుక్కపిల్ల అయినా కోట అయినా అది అవే గీతల వెంట కోసుకుపోతుంది. ఏ కంపెనీ పజిల్ పొందికగా కుదురుతుంది, ఏది విసిగిస్తుంది అన్న ప్రశ్నకు జవాబు పెట్టె మూత మీద వెతికితే దొరకదు. ఈ కత్తి చరిత్రలో వెతకాలి.

మొదట్లో కత్తి ఇలా ఉండేది కాదు. 1760లలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల ముద్రణ పనివాడు మహోగని పలక మీద దేశపటం అతికించి, సన్న రంపంతో సరిహద్దుల వెంట కోసి, భూగోళం నేర్చుకునే పిల్లల కోసం అమ్మాడు. ఆ కాలంలోనే మూడో జార్జి రాజు పిల్లల పెంపకం చూసిన లేడీ షార్లెట్ ఫించ్ దగ్గర ఇలాంటి కోసిన పటాలు దాచుకునే బీరువా ఉండేది. అది నేటికీ భద్రంగా ఉంది. ఆ పటాల ముక్కలు చాలావరకు ఒకదాన్నొకటి పట్టుకునేవి కావు, పక్కపక్కన పేర్చుకోవాల్సిందే. మోచెయ్యి తగిలితే యూరప్ అంతా చెదిరిపోతుంది. అయినా పిల్లలకు చిక్కు రాలేదు. కోత గీత, పటం గీత ఒకటే కావడం వల్ల ఫ్రాన్స్ ముక్క ఆకారం ఫ్రాన్స్‌దే. ముక్క అంచును చూస్తే దాని చిరునామా తెలిసిపోయేది.

బొమ్మను చూసి కోసే పద్ధతి 20వ శతాబ్దంలోకీ సాగింది. పార్కర్ బ్రదర్స్ 1908లో ‘పాస్టైమ్’ పేరుతో తెచ్చిన చెక్క పజిళ్లను ఆడవాళ్లు రంపపు యంత్రాల ముందు కూర్చుని ఒక్కొక్కటిగా కోసేవారు. ఒక రంగు ముగిసి ఇంకో రంగు మొదలయ్యే హద్దు మీదుగా రంపం నడిపేవారు, మధ్యలో కొన్ని ముక్కల్ని గుర్తుపట్టగల వస్తువుల ఆకారంలో మలిచేవారు. మరుసటి ఏడాదికల్లా కంపెనీ ఫ్యాక్టరీ మొత్తాన్నీ పజిళ్లకే మళ్లించేంత గిరాకీ వచ్చింది. కానీ అంత చేతిపనికి ధర కూడా అంతే. 1930ల ఆర్థిక మాంద్యంలో జనం ఖరీదైన వినోదాలు మానుకున్నప్పుడు, 25 సెంట్ల అట్ట పజిల్ ఆ ఖాళీని నింపింది. 1933 తొలి నెలల్లో అమెరికాలో వారానికి కోటి పజిళ్లు అమ్ముడుపోయాయి. దాన్ని సాధ్యం చేసింది డై. పదునైన ఉక్కు పట్టీలను వంకర్లు తిప్పి చెక్కపలకలో దిగ్గొడతారు, మధ్యలో రబ్బరో స్పాంజో అతికిస్తారు. ప్రెస్సు వందల టన్నుల ఒత్తిడితో డైని అట్ట మీదికి దించి ఎత్తగానే, ఆ రబ్బరు తెగిన ముక్కల్ని బయటికి తోసేస్తుంది. డై చెయ్యడం ఖరీదైన, ఓపిక కావాల్సిన పని. కాబట్టి ఒక డై కింద వీలైనన్ని బొమ్మల్ని కోయాలి. బొమ్మకీ కోతకీ సంబంధం తెగింది అక్కడే. అంచు తన అర్థాన్ని పోగొట్టుకుంది, బదులుగా దానికి పట్టు కావాల్సి వచ్చింది. బొడిపె, గుంట అంతకుముందూ ఉన్నాయి, తప్పనిసరి అయింది మాత్రం ఇప్పుడు. కంపెనీల మధ్య మనం చూసే తేడాలన్నీ ఈ నష్టాన్ని ఎవరు ఎలా పూడ్చారన్న దాంట్లోంచే పుట్టాయి.

మొదటి తేడా కోత తీరులో ఉంది. రంపం తన మందమంత చెక్కను పొట్టుగా రాల్చేస్తుంది, ఆ మేరకు సందు మిగులుతుంది. డై దాదాపు ఏమీ రాల్చదు, అట్టను పక్కలకు నొక్కుతూ చీలుస్తుంది. అలా విడిపోయిన అంచులు మళ్లీ కలిసినప్పుడు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలుస్తాయి. చవకైన అట్ట ఖరీదైన చెక్క కంటే బిగువుగా పట్టుకోగలగడానికి కారణం ఇదే. అయితే డై పదును తగ్గిందంటే చీలడం చిరగడంగా మారుతుంది. అంచున పీచు లేస్తుంది, పెట్టె అడుగున పొడి చేరుతుంది, రెండు ముక్కలు సరిగా తెగక అంటుకునే వస్తాయి. అట్ట మెత్తనిదైతే నాలుగుసార్లు పెట్టి తీసేసరికి బొడిపె మెడ నలిగి పట్టు సడలుతుంది. కాగితపు పీచు చెమ్మను పీల్చుకుంటుంది గనక, విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో వానాకాలం ఈ లోపాలు ఇంకా ముందే బయటపడతాయి.

రెండో తేడా ఆకారాలది, నా దృష్టిలో అసలైన తేడా ఇదే. జర్మనీలోని రావెన్స్‌బర్గర్ 1883లో పుట్టి, 1964 నుంచి పజిళ్లు చేస్తోంది. ఇలాంటి యూరప్ కంపెనీలు ఎక్కువగా అడ్డు నిలువు వరుసల కోత కోస్తాయి. వెయ్యి ముక్కలన్న పెట్టెలో తరచు 1,026 ఉంటాయి: పొడవున 38, వెడల్పున 27. 70 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పున్న అట్టను 40, 25గా కోస్తే లెక్క సరిగ్గా వెయ్యి అవుతుంది గానీ ముక్క చతురస్రానికి దూరమవుతుంది. నాలుగు పక్కల ముక్కకు బొడిపెలు, గుంటలు అమరే తీరులు ఆరే: నాలుగూ బొడిపెలు, మూడు, ఎదురెదురుగా రెండు, పక్కపక్కన రెండు, ఒకటి, అసలేమీ లేకపోవడం. మంచి డై ఈ ఆరింటినీ కలగలిపి, ప్రతి బొడిపె వంపునూ కాస్త మారుస్తుంది. నాసిరకం డైలో ఎక్కువ ముక్కలు ఎదురెదురు రెండు బొడిపెల రకమే. అప్పుడు ఆకాశం ముక్క తనది కాని చోట కూడా బుద్ధిగా కూర్చుంటుంది. ఇది దొంగ పొందిక. తప్పు చేసిన సంగతి ముప్పై ముక్కల తర్వాత గానీ తెలియదు. కెనడాలోని కాబుల్ హిల్, అమెరికాలోని స్ప్రింగ్‌బోక్ వరుసలే లేని కోత కోస్తాయి. అక్కడ ఏ రెండు ముక్కలూ పోలవు, ఆకారం చూసే సగం వెతుకులాట తీరుతుంది.

ఆకారానికి ఇంత విలువ ఇవ్వడం అతిశయోక్తి అనిపించవచ్చు. కానీ 1964లోనే హెర్బర్ట్ ఫ్రీమన్, గార్డర్ అనే పరిశోధకులు బొమ్మను పట్టించుకోకుండా అంచుల ఆకారంతోనే చిన్న జిగ్‌సాను కంప్యూటర్ చేత పేర్పించారు. అంచు తనంతట తానే దారి చూపగలదని దాంతో రుజువైంది. అంచుల మీద నమ్మకం లేని చోట పని ఎంత కఠినమవుతుందో ఎరిక్ డెమైన్, మార్టిన్ డెమైన్ 2007లో గణితంతో చూపించారు: చూపుకి కుదిరినట్టున్న జోడీలు నిజమైనవో కావో తేలని పజిల్‌కు, ఏ సందర్భంలోనైనా వేగంగా పరిష్కరించే పద్ధతి తెలియదు. దొంగ పొందిక చూపించే పెట్టె మనల్ని ఆ కష్టంలోకే నెడుతుంది.

ఇదంతా ఒప్పుకున్నా, మనిషి కొనేది బొమ్మనే కదా అని అడగవచ్చు. నిజమే, ఇష్టం లేని బొమ్మ ముందు ఎవరూ గంటలు గడపరు. అయితే ఏకరంగు ఆకాశంలోనో మంచులోనో బొమ్మ ఏమీ చెప్పని చోట చేతికి మిగిలేది కోతే. ఇష్టాయిష్టాలు మనిషికో తీరు, పోలికలెందుకు అనేవాళ్లూ ఉన్నారు. కానీ 2019లో స్పెయిన్‌లోని వయ్యదోలిద్‌లో మొదటి ప్రపంచ జిగ్‌సా పోటీ జరిగినప్పుడు, వ్యక్తిగత విభాగంలో అందరికీ ఒకే 500 ముక్కల పజిల్ ఇచ్చారు. పజిల్ మారితే సమయం మారుతుందనుకుంటే గానీ ఆ జాగ్రత్తకు అర్థం లేదు. అన్నింటికన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటి: పేరు చూసి కొన్నా పెట్టె పెట్టెకీ తేడా వస్తుంది. డై అరుగుతుంది, ఒక కంపెనీ పెట్టెలన్నీ ఒకే ఫ్యాక్టరీలో కోసినవి కాకపోవచ్చు. కాబట్టి పేరు మంచి సూచన మాత్రమే, పూచీకత్తు కాదు. జతచేసిన పది ముక్కల్ని ఒక మూల పట్టి ఎత్తి చూడటం, పెట్టె అడుగు పొడి చూడటం, తప్పు ముక్కను కావాలనే ఇరికించి అది అడ్డం తిరుగుతుందో లేదో చూడటం అంతకంటే నమ్మకమైన పరీక్షలు. వీటిలో మూడోది చేసేవాళ్లు తక్కువ, తేల్చేది మాత్రం అదే.

ఇప్పుడు చెక్క మళ్లీ వచ్చింది. ఇంగ్లండ్‌లో వెంట్‌వర్త్, అమెరికాలోని బౌల్డర్‌లో లిబర్టీ లేజర్‌తో కోస్తున్నాయి. లేజర్ దారి కంప్యూటర్‌లో గీసుకున్న గీత, దాన్ని మార్చడానికి ఉక్కు పట్టీలు మళ్లీ వంచక్కర్లేదు. అందుకే తోట బొమ్మలో తోటపనికి చెందిన ఆకారాల ముక్కలు పెట్టగలుగుతున్నారు, కత్తి మళ్లీ బొమ్మ వైపు చూస్తోంది. అయితే లేజర్ చెక్కను కాల్చే కోస్తుంది గనక అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి, సన్నని సందు మిగులుతుంది. డై కోసిన అట్టలా పేర్చినదంతా ఒక్క రేకుగా ఎత్తి చూపించే బిగువు వీటిలో ఆశించకూడదు, కదలని పలక మీద పేర్చుకుంటే చాలు.