పాత కారునకు రేడియేటరు ఫ్యాను మార్చుట

వేసవి వచ్చినదనగా పశువులకు నీడను, మోటారులకు నీటిని జూచుకొనవలసిన దినములు వచ్చినవని యర్థము. చంద్లాపూరు మొదలైన మన గ్రామములలో పాత కారు నుంచుకొన్న రైతు కుటుంబములు తక్కువ గావు. కూరగాయలను సిద్దిపేటకు గొనిపోవుటకును, విత్తనపు సంచులను దెచ్చుకొనుటకును, రాత్రివేళ రోగిని ఆసుపత్రికి జేర్చుటకును ఆ బండియే యాధారము. అట్టి బండి నడుమదారిలో ఆవిరి గ్రక్కుచు నిలిచిపోయిన, నష్టము ఆ దినముతో దీరదు. ఇంజను చెడిన పంట డబ్బు మేస్త్రీ యింటికి బోవును. పెక్కు పర్యాయములు దీనికి మూలము ఒక చిన్న ఫ్యాను మాత్రమే. కావున దానిని గూర్చి సభ్యులకు దెలియవలసిన సంగతుల నిచ్చట వివరించుచున్నాము.

ఫ్యాను చేయు పని

2020 ఏప్రిలులో ప్రారంభమైన రంగనాయకసాగర్ జలాశయము మన చంద్లాపూరు చెంతనే యున్నది. అది 3 టీ.యం.సీ.ల నీరు పట్టునట్లు కట్టబడినది. అయినను జలాశయము నిండినంత మాత్రమున చేను తడియదు; కాలువ పారవలెను. అట్లే రేడియేటరులో నీరు నిండియున్నంత మాత్రమున ఇంజను చల్లబడదు. దాని రేకుల నడుమ గాలి పారవలెను.

నీరు ఇంజను చుట్టును దిరిగి వేడిని గ్రహించి, రేడియేటరులోని సన్నని గొట్టములలో ప్రవేశించి, అచ్చట గాలి తగిలి చల్లబడి మరల ఇంజనులోనికి బోవును. బండి వేగముగ నడచునపుడు ఎదురుగాలియే చాలును. బండి నిలిచినపుడును, సంతలో మెల్లగా గదలునపుడును ఎదురుగాలి లేదు గనుక ఫ్యాను గాలిని లాగవలెను.

అంబాసిడరు వంటి పాత కార్లలో ఇంజను త్రిప్పు బెల్టే ఫ్యానును గూడ త్రిప్పును. 1983 డిసెంబరులో వెలువడి 2014 వఱకు తయారైన మారుతి 800లో ఇంజను అడ్డముగ నమర్పబడినది. అందుచేత రేడియేటరు వెనుక ప్రత్యేకముగ విద్యుత్తుతో దిరుగు ఫ్యాను పెట్టిరి. నీటి వేడి సుమారు 90 డిగ్రీలు దాటిన పిమ్మట థర్మో స్విచ్చి కలిసి, రిలే ద్వారమున బాటరీ విద్యుత్తు ఫ్యాను మోటారునకు జేరును. వేడి తగ్గగానే ఆగిపోవును. బండిని బట్టి యీ యంకె కొంత మారుచుండును.

తప్పు ఎచ్చట నున్నదో తెలిసికొనుట

ఫ్యాను తిరుగుట లేదని చూడగానే క్రొత్త ఫ్యాను కొనుట తొందరపాటు. నాడి చూడక మందిచ్చుట వంటిది. మొదట వేడి సూచించు ముల్లును గమనింపుడు. బండి నిలిచియున్నపుడు ముల్లు పైకి బోయి, రోడ్డెక్కి వేగమందుకొనగానే క్రిందికి దిగినచో ఫ్యానును అనుమానింపవచ్చును. వేగముగ బోవునపుడే ముల్లు పైకెక్కుచున్నచో ఫ్యాను కంటె ముందుగా నీరు తక్కువగుట, రేడియేటరు పూడిపోవుట, థర్మోస్టాట్ తెఱచుకొనకుండుట, నీటి పంపు చెడుట మున్నగు వానిని వెదకవలెను.

ఫ్యాను మీద అనుమానము గలిగినచో ఈ క్రమమున చూడుడు. ఒకటి: ఫ్యూజు కాలినదా? కాలినచో అదే బలముగల ఫ్యూజు వేయుడు. అదియు కాలినచో మోటారు బిగుసుకొనియైన నుండవలెను, తీగ ఎచ్చటనో తగిలియైన నుండవలెను. ఫ్యూజునకు బదులు రాగితీగ చుట్టుట బండికి నిప్పు పెట్టుటయే. రెండు: ఇంజను చల్లారిన పిదప బాటరీ తీగ విప్పి, రెక్కను వ్రేలితో త్రిప్పుడు. సులువుగ దిరుగవలెను. గరగర శబ్దము వచ్చినను, ఇటునటు ఊగినను బుష్షు లరిగినవని తెలియుడు. మూడు: బాటరీ తీగను మరల తగిలించి, ఫ్యాను సాకెట్టు నూడదీసి, ఫ్యూజుగల రెండు తీగలతో మోటారునకు బాటరీ విద్యుత్తును సూటిగ నిండు. అప్పుడు తిరిగినచో మోటారు మంచిదే. తప్పు స్విచ్చిలోనో, రిలేలోనో, తీగలలోనో యున్నది. తిరుగకున్నచో మోటారు చెడినది; దానిని మార్చవలసినదే.

మూడవ పరీక్షకు పట్టునది పది నిమిషములు. అది చేయనందువలన మంచి మోటారును బారవేసి క్రొత్తది కొనువారు గలరు. అట్టివారి బండి మఱుదినమే మరల ఉడుకును.

మార్చు విధము

ఇంజను పూర్తిగ చల్లారనిండు. వేడిమీద రేడియేటరు మూత నెన్నడును విప్పరాదు. మూత బిగిసియున్నపుడు లోని నీరు 100 డిగ్రీలు దాటినను ఆవిరి కాక యుండును. మూత విప్పగానే ఒక్కసారి పొంగి ముఖము, చేతులు కాల్చును. తరువాత బాటరీ నెగెటివ్ తీగను విప్పుడు. తాళపుచెవి తీసినను కొన్ని కార్లలో వేడికి ఫ్యాను దానంతట అదే తిరుగనారంభించును. వ్రేళ్లు తెగుట కిదియొక కారణము.

పిమ్మట సాకెట్టు నూడదీసి, ఫ్యానును చట్రముతో గూడ బిగించిన బోల్టులను తగిన పానాతో విప్పుడు. రేడియేటరు రేకులు మెత్తనివి. వానికిని ఫ్యానునకును నడుమ ఒక అట్టముక్క దూర్చి, చట్రమును మెల్లగా పైకెత్తి తీయవలెను. రెక్క నట్టు కొన్ని మోటారులకు ఎదురు మరతో నుండును. తిరుగనిదానిని బలముగ లాగక, ఏ వైపు విప్పవలెనో చూచి విప్పుడు.

క్రొత్త మోటారు కొనునపుడు పాతదానిని చేత బట్టుకొనిపోవుడు. వోల్టులు, బోల్టు రంధ్రములు, ఇరుసు లావు, సాకెట్టు సరిపోవలెను. బిగించిన తరువాత రెక్క ఎచ్చటను తగులక తిరుగుచున్నదా యని చేతితో త్రిప్పి చూడుడు. తీగలు తారుమారైన ఫ్యాను వెనుకకు దిరిగి గాలిని ఎదురు త్రోయును. కావున ఫ్యాను తిరుగునపుడు రేడియేటరు ముందు ఒక కాగితము పట్టుడు. అది రేడియేటరునకు అంటుకొన్నచో గాలి సరియైన దిక్కున బోవుచున్నది. చివరకు బండిని నిలిపియే యుంచి ఇంజను నడిపించుడు. ఫ్యాను తానై తిరిగి, తానై యాగినపుడే పని ముగిసినదని నమ్మవలెను.

కొన్ని హెచ్చరికలు

స్విచ్చి చెడినచోట కొందఱు మేస్త్రీలు ఫ్యానునకు చేతి మీట యొకటి పెట్టి పంపుదురు. ఇల్లు చేరుటకు అది పనికివచ్చును గాని, మీట వేయుట మఱచిన నాడు ఇంజనే బలి యగును. దారిలో ఫ్యాను ఆగినచో ఏ.సీ. నాపి, లోపలి హీటరున్నచో నిండుగ త్రిప్పి, కిటికీలు దెఱచి కొంతదూరము బోవచ్చును. ముల్లు ఎఱ్ఱగీత చేరినచో ఇంజను నాపివేయుడు. ఇంకను రెండు మైళ్లేగదా యని నడిపినవారికి సిలిండరు హెడ్డు వంకరపోవును, గాస్కెట్టు కాలిపోవును. ఇంజను ఆయిలు పాలవలె తెల్లనైనచో నీరు అందులో కలిసినదని గుర్తు. ఆ మరమ్మతునకగు వ్యయముతో ఫ్యానులు పెక్కు కొనవచ్చును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ఫలమేమి?

కూలెంటు విషయమున మఱింత జాగ్రత్త వలయును. అందలి ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగ నుండు విషము. థర్మో స్విచ్చి విప్పునపుడు కారిన దానిని గిన్నెలో బట్టి మూయవలెను. నేలమీద వదలినచో కుక్కలు, దూడలు నాకి చచ్చును. కాలువలోను, పశువుల తొట్టిలోను పారబోయరాదు. కూలెంటునకు బదులు ఉప్పు బోరునీరు పోయుటయు మంచిది గాదు. దానిలోని సున్నపు పొర గొట్టములలో గట్టిపడి, ఎంత మంచి ఫ్యానుండినను నిష్ఫలము చేయును.

ట్రాక్టరు గల సభ్యులకు

మన ట్రాక్టరులలో ఫ్యానును సాధారణముగ బెల్టే త్రిప్పును. బెల్టును నడుమ బొటనవ్రేలితో నొక్కిన అర అంగుళము మేర దిగవలెను. అంతకు మించి దిగినచో వదులు, పగుళ్లున్నచో మార్పవలెను. నూర్పిళ్ల దినములలో పొట్టును దుమ్మును రేడియేటరు రేకులలో నిండును. సాయంకాలము ఇంజను చల్లారిన పిదప, లోపలినుండి బయటికి మెల్లని గాలితో ఊది శుభ్రపఱచినచో ట్రాక్టరు వేడెక్కుట చాలవఱకు దప్పును.

ఒక మనవి

ఇన్ని పరీక్షలకు వలయునవి ఒక పానాల పెట్టె, ఒక మల్టీమీటరు, ఫ్యూజుగల రెండు తీగలు. ఒక్కొక్క రైతు వేరువేరుగ గొనుట బరువు. గ్రామమునకొక పెట్టె చాలును. పదిమంది సభ్యులు కలిసి కొని, సంఘపు గదిలో నుంచి, తీసికొన్నవారి పేరు పుస్తకమున వ్రాసికొన్నచో అది అందఱకు నుపయోగపడును. పని నేర్చిన యువకులు ఇద్దఱు ముగ్గురు ప్రతి యూర నుందురు. వారు వేసవికి ముందే ఒక దినము సభ్యుల బండ్ల ఫ్యాను, బెల్టు, నీరు చూచి చెప్పినచో ఎందఱికో కష్టము తప్పును. ఈ నెలలోనే ఆ దినము నేర్పఱచుకొనుడని సభ్యులను గోరుచున్నాము.